హకోనె రోప్‌వేకు అమ్మానాన్నలను ఏ కాలంలో తీసుకుపోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది: మీది మిర్యాలగూడ. తమ్ముడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మానాన్నలను మొదటిసారి జపాన్ తీసుకుపోతున్నారు. హకోనెలో పొగలు కక్కే అగ్నిపర్వతం మీదుగా పోయే రోప్‌వే ఎక్కించాలని ఉంది. నాన్నకు బీపీ, మందులతో అదుపులోనే ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, చలి పడితే ఆయాసం. టికెట్లు ఇంకా తీయలేదు. ఏ నెల మంచిది, ప్రమాదం ఏమన్నా ఉందా, పొద్దున పోయి రాత్రికి టోక్యో తిరిగి రావచ్చా?

ముందు జవాబు చెప్పేస్తా. నవంబరు 5 నుంచి 20 మధ్య, శని ఆదివారాలు కాకుండా చూసి పెట్టుకోండి. అది కుదరకపోతే ఏప్రిల్ 10 నుంచి 25 మధ్య. జూన్, జులై, సెప్టెంబరు వద్దు. ఒక్కరోజులో పోయి రావచ్చు, కాని మీ ఇంటివాళ్ళ పరిస్థితికి హకోనెలో ఒక రాత్రి ఉండటమే మేలు. అన్నిటికన్నా ముఖ్యం అమ్మగారి ఆయాసం. అది ఆస్తమా అని డాక్టర్ చెప్పి ఉంటే ఈ రోప్‌వే ఆమెకు వద్దు. ఆమెకు వేరే దారి ఉంది, కింద రాశాను.

చాలామంది "ఏ నెల" అనే దగ్గరే ఆగిపోతారు. నెల సరిగ్గా ఎంచుకున్నవాళ్ళు కూడా స్టేషన్ దాకా పోయి మూసిన గేటు చూసి వెనక్కి వస్తుంటారు. ఈ రోప్‌వే నడవాలా ఆగాలా అన్నది రెండే చెప్తాయి: గాలి, గ్యాస్. రెండూ గంటగంటకూ మారతాయి. అందుకే నెలతో పాటు రెండు పొద్దులు చేతిలో పెట్టుకోండి. మొదటి పొద్దు పోతే రెండోది ఉండాలి. ఒక రాత్రి ఉండమనేది అందుకే.

ముందు పేర్ల గందరగోళం తీరుస్తా. మనం శ్రీశైలంలో పాతాళగంగకు దిగేదాన్ని రోప్‌వే అన్నా, కేబుల్ కార్ అన్నా ఒకటే. జపాన్‌లో కాదు. అక్కడ "కేబుల్ కార్" అంటే ఏటవాలు పట్టాల మీద తాడుతో లాగే రైలు పెట్టె. గాలిలో వేలాడేది "రోప్‌వే". హకోనెలో రెండూ ఉన్నాయి, రెండూ ఒకే స్టేషన్‌లో కలుస్తాయి. గోరా నుంచి సోఉన్‌జాన్ దాకా పట్టాల మీద కేబుల్ కార్, పది నిమిషాలు. సోఉన్‌జాన్ నుంచి ఓవాకుదాని, ఉబాకో మీదుగా తోగెన్‌దాయ్ దాకా రోప్‌వే. "ఈరోజు కేబుల్ కార్ నడుస్తోంది" అని చదివి సంబరపడి పోతే, పట్టాల మీదిది నడుస్తూ గాలిలోది ఆగి ఉండవచ్చు.

ఇంకో తికమక కూడా ఉంది. ఆషి సరస్సు ఒడ్డున హకోనె-ఎన్ నుంచి కొమాగాతాకె శిఖరానికి వేరే రోప్‌వే ఉంది. కంపెనీ వేరు, టికెట్ వేరు. హకోనె రైళ్ళు, బస్సులు, ఓడ, రోప్‌వే అన్నిటికీ కలిపి అందరూ కొనే హకోనె ఫ్రీపాస్ దానికి చెల్లదు. మ్యాపులో తప్పు రోప్‌వే నొక్కి ఫ్రీపాస్ చూపించి వాదించేవాళ్ళు ప్రతి సీజన్‌లో ఉంటారు.

ఆ కొండ సంగతి

మన దిక్కు గుట్టలు చూసి పెరిగినవాళ్ళకు అగ్నిపర్వతం అంటే ఒక ఊహ ఉంటుంది. భువనగిరి గుట్టలాగ ఒంటిగా నిలబడి, నెత్తిన గుంత, అందులోంచి నిప్పు. హకోనె అట్ల ఉండదు. అది ఊళ్ళు, హోటళ్ళు, సరస్సు అన్నీ లోపల ఇముడ్చుకున్న పెద్ద పళ్ళెం లాంటి అగ్నిబిలం. మధ్యలో ఎత్తైన శిఖరం కామియామా, 1,438 మీటర్లు. సుమారు 3,000 ఏళ్ళ కింద ఆ కొండ ఒక పక్క కూలి పేలింది. కూలిన మట్టీ రాళ్ళూ వాగుకు అడ్డం పడి ఆషి సరస్సు అయింది. కూలిన చోటే ఓవాకుదాని లోయ, ఇవాళ్టికీ ఆవిరి కక్కుతూనే ఉంది. పాత పేరు నరకలోయ అని అర్థం వచ్చేదే. మెయిజీ చక్రవర్తి వస్తున్నాడని మార్చారు. పసుపుపచ్చ గంధకం, బూడిదరంగు మట్టి, నాలుగైదు చోట్ల బుసబుసా లేచే తెల్లటి ఆవిరి. నిప్పు కనబడదు. లావా చూస్తామనుకుని వచ్చే పెద్దవాళ్ళకు ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే "ఇంత దూరం పొగ చూడటానికా" అంటారు.

రోప్‌వే ఎట్ల ఉంటుంది

ఒక్కో డబ్బాలో 18 మంది పడతారు. నిమిషానికొకటి చొప్పున వస్తూనే ఉంటాయి. తోగెన్‌దాయ్ 741 మీటర్ల ఎత్తున, ఓవాకుదాని 1,044, సోఉన్‌జాన్ 757. తోగెన్‌దాయ్ నుంచి ఓవాకుదాని 16 నిమిషాలు, అక్కడి నుంచి సోఉన్‌జాన్ 8 నిమిషాలు. మొత్తం నాలుగు కిలోమీటర్లు. ఓవాకుదానిలో అందరూ దిగి డబ్బా మారాల్సిందే, ఎక్కడికి పోయేవాళ్ళయినా సరే.

మామూలు రోప్‌వేలో డబ్బా ఒక్క తాడుకు వేలాడుతుంది, పక్కగాలికి ఊయలలాగ ఊగుతుంది. ఇక్కడ డబ్బా రెండు భుజాలతో రెండు సమాంతర తాళ్ళను పట్టుకుని పోతుంది. మనం కావడి భుజానికి ఎత్తుకుంటే ఊగుతుంది, అదే ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే ఊగదు కదా, అట్లాగే. అందుకే ఒంటితాడు రోప్‌వే ఆగిపోయే గాలికి కూడా ఇది నడుస్తుంది. అయినా హద్దు ఉంది. మార్చిలో, తుఫాను ముందు రోజుల్లో, చలిగాలులు వీచేటప్పుడు ఆపేస్తారు. ఓవాకుదాని–సోఉన్‌జాన్ మధ్య లోయ మీద డబ్బా నేలకు దాదాపు 130 మీటర్ల ఎత్తున పోతుంది. ఎత్తంటే భయపడేవాళ్ళను లోయ వైపు కాకుండా ఎదురు బెంచీ మీద కూర్చోబెట్టండి. స్టేషన్‌లో డబ్బా పూర్తిగా ఆగదు, మెల్లగా జరుగుతుంటే ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి ఉందని సైగ చేస్తే వేగం ఇంకా తగ్గిస్తారు, అడగటానికి మొహమాటపడొద్దు.

గ్యాస్: ఇక్కడ నిదానంగా చదవండి

లోయలోంచి వచ్చేది ఎక్కువగా నీటి ఆవిరే. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్ కలిసి ఉంటాయి. మొదటిది కుళ్ళిన గుడ్డు వాసన. రెండోది అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు. ఆస్తమా ఉన్నవాళ్ళకు రెండోదే అసలు శత్రువు. ఆరోగ్యవంతుడికి కొంచెం గొంతు గరగర అనిపించే మోతాదుకే వాళ్ళ శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. అందుకే ఆస్తమా, బ్రాంకైటిస్, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్ళు, గర్భిణులు ఓవాకుదానికి రావొద్దని అక్కడ బోర్డులు ఉంటాయి. మైకుల్లోనూ చెప్తుంటారు. ఊరికే జాగ్రత్తకు రాశారులే అనుకోకండి.

ఈ రెండు గ్యాసులూ గాలికన్నా బరువు. గాలి లేని ప్రశాంతమైన పొద్దున పల్లానికి దిగి పేరుకుంటాయి. గాలి బాగా ఉంటే చెదిరిపోతాయి. అంటే రోప్‌వేకు మంచి వాతావరణం ఒక్కోసారి ఊపిరితిత్తులకు చెడ్డది. గ్యాస్‌ను ఎప్పటికప్పుడు కొలుస్తుంటారు, హద్దు దాటితే రోప్‌వే ఆపేసి జనాన్ని లోపలికి పంపుతారు. ఆకాశం నిర్మలంగా ఉండి కూడా మూసేశారంటే కారణం చాలాసార్లు ఇదే.

సర్జికల్ మాస్కు, ఎన్‌95 మాస్కు రెండూ దుమ్మునే ఆపుతాయి, గ్యాస్‌ను ఆపవు. సల్ఫర్ డయాక్సైడ్ నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి తడిపి పిండిన చేతిరుమాలు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుంటే కొంత పనిచేస్తుంది. ఇంకో మాట: కుళ్ళిన గుడ్డు వాసన ఉన్నట్టుండి రాకుండా పోతే గ్యాస్ తగ్గిందని అనుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. "చలి పడితే ఆయాసం" అన్నారు. అది బరువు వల్లనా, రక్తహీనత వల్లనా, గుండె వల్లనా, ఆస్తమా వల్లనా అన్నది టికెట్లు తీసేముందే తేల్చుకోండి. మిర్యాలగూడలోనో నల్లగొండలోనో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేయిస్తే చాలావరకు బయటపడుతుంది. పీల్చే పంపు ఇప్పటికే వాడుతుంటే ఇంకా ఆలోచించే పనే లేదు, ఓవాకుదాని వద్దు. అప్పుడు నాన్నను తమ్ముడు ఇటు తీసుకుపోతే, అమ్మను మీరు హకోనె-ఎన్ నుంచి కొమాగాతాకె రోప్‌వే ఎక్కించండి. 1,300 మీటర్ల పైకి పోతుంది, ఏడు నిమిషాలు. ఎక్కే దారిలో పొగలు కక్కే లోయ లేదు. పైన చిన్న గుడి, కింద సరస్సు, ఎదురుగా ఫుజి పర్వతం. అది పెద్ద డబ్బా, ఒకేసారి వందమంది దాకా పడతారు. శిఖరం మీద చెట్టుచాటు ఉండదు కాబట్టి చలిగాలి కొడుతుంది, చెవులు కప్పుకోవాలి. ఒక్క పొగ తప్పితే ఆమెకు పోయేదేమీ లేదు.

నాన్నగారి బీపీకి ఎత్తు సమస్య కాదు. ఓవాకుదాని ఉన్నదే వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తున, అంతే. చెవులు కొంచెం మూసుకుపోతాయి, గుటక వేస్తే పోతుంది. నెట్‌లో "అగ్నిపర్వతం రోప్‌వే, గుండెజబ్బుల వాళ్ళు ఎక్కొద్దు, తల తిరుగుతుంది" అని కనిపించేవి చాలావరకు స్పెయిన్‌లోని తెయిదె అగ్నిపర్వతం గురించి రాసినవి. అక్కడ ఎనిమిది నిమిషాల్లో 2,356 మీటర్ల నుంచి 3,555 మీటర్లకు తీసుకుపోతారు, ఆ హెచ్చరిక అక్కడ న్యాయమే. హకోనెలో నాన్నగారు పైలంగా ఉండాల్సింది రెండు చోట్ల. ఒకటి, చలిలో నిలబడి క్యూ కట్టడం. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. రెండు, సాయంత్రం హోటల్లో ఉడుకునీళ్ళ స్నానం. నీళ్ళు 40–42 డిగ్రీలు ఉంటాయి. బీపీ మాత్ర వేసుకున్న మనిషి పది నిమిషాలు మునిగి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఐదు నిమిషాలు చాలు, గట్టు పట్టుకుని మెల్లగా లేవాలి. అందరితో కలిసి బట్టల్లేకుండా స్నానం అంటే మన పెద్దలు ఒప్పుకోరు, గంటకు అద్దెకిచ్చే సొంత స్నానాల గది ఉన్న హోటల్ చూసుకోండి.

పేలే ప్రమాదం

జపాన్ వాతావరణ సంస్థ అగ్నిపర్వతాలకు 1 నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయిలు ఇస్తుంది. 1 అంటే ఇది ప్రాణమున్న అగ్నిపర్వతమని గుర్తుంచుకోండి అని. 2 అంటే బిలం దగ్గరికి పోవద్దు. 3 అంటే కొండ దగ్గరికే పోవద్దు. 4 అయితే ముసలివాళ్ళను ముందు తరలిస్తారు, 5 అయితే ఊరు ఖాళీ చేయాలి. హకోనెలో 2015 మే నెలలో 2కు, జూన్ 30న చిన్న పేలుడుతో 3కు పెంచారు. ఆ నవంబరులో మళ్ళీ 1కి దించినా రోప్‌వే మొత్తం దారి తెరుచుకున్నది 2016 జులైలోనే. 2019 మే నెలలో మళ్ళీ 2 అయ్యి, అక్టోబరులో 1కి దిగింది. స్థాయి 2 అయితే ఓవాకుదాని మూతపడుతుంది, మీ ప్లాన్ మార్చుకోవాలి. టికెట్లు తీసేముందు ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఒకసారి ఈ స్థాయి చూడండి.

స్థాయి 1 అంటే ప్రమాదం సున్నా అనుకోవద్దు. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోనే ఓంతాకె అనే ఇంకో అగ్నిపర్వతం పేలినప్పుడు స్థాయి 1లోనే ఉంది, 63 మంది చనిపోయారు, కొందరి శవాలు ఇప్పటికీ దొరకలేదు. వాళ్ళు శిఖరం మీద బిలం పక్కన ఉన్న ట్రెక్కర్లు. ఓవాకుదానిలో స్టేషన్, మ్యూజియం, అంగళ్ళ భవనాలు ఉన్నాయి, పరిగెత్తి దూరే చోటు దగ్గర్లోనే ఉంటుంది. దిగగానే ఏ భవనం దగ్గరో ఒకసారి చూసిపెట్టుకోండి, చాలు. ఆవిరి గుంతల పక్కదాకా పోయే నడకదారి 2015లో మూసి 2022లో తెరిచారు. దానికి ముందే బుక్ చేసుకోవాలి, గైడ్ వెంట, హెల్మెట్ పెట్టుకుని పోవాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది అక్కర్లేదు, స్టేషన్ ముందు నుంచే అంతా కనిపిస్తుంది.

కాలాలవారీగా

ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే ఫోన్ చూడకుండానే చలి అంచనా వేయవచ్చు. వంద మీటర్లు పైకి పోతే సుమారు 0.6 డిగ్రీ తగ్గుతుంది. టోక్యో కన్నా ఓవాకుదాని ఆరు డిగ్రీలు చల్లన. గాలి కొడితే ఇంకో ఐదు తగ్గినట్టే ఒంటికి అనిపిస్తుంది.

నవంబరు మొదటి సగంలో టోక్యో పగటి వేడి 17–18 డిగ్రీలు, పైన పదకొండు పన్నెండు. మన దగ్గర సంక్రాంతి పొద్దుటి చలి అంత అనుకోండి. ఆకులు ఎర్రబడటం పైనుంచి కిందికి దిగుతుంది. పై ఎత్తుల్లో నెల మొదట్లో, గోరాలో నెల మధ్యలో, కొండ కింది యుమోతోలో నెలాఖరుకు. ఆకాశం తేటపడుతుంది, ఫుజి నెత్తిన అప్పటికి కొత్త మంచు ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే, జనం. నవంబరు 3, 23 వాళ్ళకు సెలవులు, వాటి పక్క రోజులు తప్పించండి. సెంగొకుహరా గడ్డిమైదానం వెండిరంగుకు తిరిగి ఉంటుంది, తోగెన్‌దాయ్ బస్సు దాని మీదుగానే పోతుంది. దిగకపోయినా కిటికీలోంచి చూడొచ్చు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫుజి కనిపించే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. గాలిలో తేమ ఉండదు, పొద్దున కొండ కోసి పెట్టినట్టు కనిపిస్తుంది. ఫుజి ఒక్కటే లక్ష్యమైతే, ఒంట్లో ఏ బీమారీ లేకపోతే, డిసెంబరు మొదటి పక్షం అని చెప్తాను. మీకు చెప్పకపోవడానికి కారణం అమ్మగారు. జనవరిలో పైన పగలే మూడు నాలుగు డిగ్రీలు, గాలితో ఇగం ఎముకల్లోకి పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రోప్‌వే ముందే మూసేస్తారు, నాలుగు దాటాక పైన ఉండకూడదు. మంచు పడితే బస్సులు చైన్లు కట్టుకుని మెల్లగా పోతాయి. జనవరి 2, 3 తేదీల్లో టోక్యో–హకోనె విశ్వవిద్యాలయాల పరుగుపందెం జరుగుతుంది, రోడ్లు మూస్తారు, ఆ రెండు రోజులు అటు పోవడమే దండగ.

మార్చిలో చెర్రీపూలకని అందరూ ఎగబడతారు. హకోనెకు నేను మార్చి చెప్పను. గాలులు ఎక్కువ, రోప్‌వే ఆగే రోజులు ఎక్కువ. పైగా దేవదారు జాతి చెట్ల పుప్పొడి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి నిండా ఉంటుంది, మార్చిలో మరీ. జపాన్ వాళ్ళే ముక్కు కారుతూ మాస్కులు పెట్టుకుని తిరుగుతారు. మన దగ్గర వయ్యారిభామ పుప్పొడికి తుమ్మేవాళ్ళు ఇక్కడ ఇంకా తుమ్ముతారు. ఏప్రిల్ పదో తేదీ దాటితే అది తగ్గుముఖం పడుతుంది, ఇంకో రకం చెట్టు పుప్పొడి కొంత మిగిలి ఉంటుంది. నవంబరును మొదట, ఏప్రిల్‌ను తర్వాత పెట్టడానికి ఇదే కారణం, లేకపోతే రెండూ ఒకే చలి. ఎత్తు పెరిగేకొద్దీ పూలు ఆలస్యం కాబట్టి టోక్యోలో రాలిపోయాక కూడా గోరా దగ్గర కనిపిస్తాయి.

ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా దేశమంతా సెలవులు. రోప్‌వే క్యూ గంట, గంటన్నర కూడా పడుతుంది. మే 10 తర్వాత మళ్ళీ బాగుంటుంది. బడిపిల్లలున్న మనవాళ్ళకు ఎండాకాలం సెలవుల్లో ఇదొక్కటే మంచి సందు. నల్లగొండలో 43 డిగ్రీలు కాసేటప్పుడు అక్కడ స్వెట్టర్ వేసుకోవాలి.

జూన్ మొదటి నుంచి జులై మూడో వారం దాకా ముసురు. యుమోతో నుంచి గోరాకు ఎక్కే కొండరైలు దారి వెంట హైడ్రేంజియా పూలు కళ్ళకు పండగే, కాని రోప్‌వేలో కూర్చుంటే నాలుగు పక్కలా తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించదు. ఆగస్టులో పైన చల్లగా ఉంటుంది, ఫుజి మీద మంచు ఉండదు, అదీ పది గంటలకే మబ్బులోకి పోతుంది. సెప్టెంబరు, అక్టోబరు సగం దాకా తుఫానుల భయం. 2019 అక్టోబరు 12న హకోనెలో ఒక్కరోజే 922.5 మిల్లీమీటర్ల వాన పడింది, జపాన్‌లో అదే రికార్డు. మన నల్లగొండకు మామూలు ఏడాది మొత్తం పడే వాన కన్నా ఎక్కువ. కొండరైలు పట్టాలు కొట్టుకుపోయి మళ్ళీ నడవడానికి 2020 జులై అయింది.

ఏ దారిలో పోవాలి

అందరూ పోయే దారి: యుమోతో, కొండరైలులో గోరా, కేబుల్ కార్‌లో సోఉన్‌జాన్, రోప్‌వే, సరస్సు మీద ఓడ, బస్సులో వెనక్కి. పదిన్నరకల్లా గోరాలో కేబుల్ కార్ క్యూ మెట్ల కింద దాకా వస్తుంది. మీరు తిరగేసి పోండి.

మొదటిరోజు టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి ఒదాక్యూ లైన్‌లో రొమాన్స్‌కార్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు, సీటు ఖాయం, గంటన్నర లోపు యుమోతో. ఫ్రీపాస్ ఉన్నా ఈ రైలుకు అదనపు టికెట్ కొనాలి. పెట్టెలు యుమోతో స్టేషన్‌లోనే అప్పజెప్పితే సాయంత్రానికి హోటల్‌కు చేరుస్తారు, ఇరవైమూడు కిలోల సూట్‌కేసుతో కేబుల్ కార్ ఎక్కే ఆలోచన మానుకోండి. బస్సులో సరస్సు దాకా పోయి ఓడలో తోగెన్‌దాయ్. మధ్యాహ్నం ఆకాశం బాగుంటే అప్పుడే రోప్‌వే ఎక్కి రావచ్చు, బాగాలేకపోతే తొందరేమీ లేదు. రాత్రికి తోగెన్‌దాయ్ లేదా సెంగొకుహరా దగ్గర బస.

రెండోరోజు తొమ్మిది గంటల మొదటి డబ్బాలకే తోగెన్‌దాయ్‌లో ఉండండి. పైకి పోయేటప్పుడు ఫుజి ఎడమ పక్క, కొంచెం వెనగ్గా వస్తుంది, కాబట్టి వెనక్కి తిరిగి కూర్చునే బెంచీ పట్టుకోండి. ఓవాకుదానిలో ముప్పావుగంట చాలు. తర్వాత లోయ మీదుగా సోఉన్‌జాన్ దిగండి. ఆ స్టేషన్ మేడ మీద కాళ్ళు పెట్టుకునే ఉడుకునీళ్ళ తొట్టి ఉంది, అమ్మగారు పావుగంట కూర్చుంటే మోకాళ్ళకు హాయి. కేబుల్ కార్ పెట్టె లోపలంతా మెట్లు మెట్లుగా ఉంటుంది, ప్లాట్‌ఫారం కూడా అంతే. తలుపు పక్క సీటే చూసుకోవాలి, లోపలికి ఎక్కించొద్దు. గోరా నుంచి కొండరైలు నలభై నిమిషాలు, మధ్యలో మూడుచోట్ల ముందుకు వెనక్కు దిశ మార్చుకుంటూ దిగుతుంది. దారి తప్పిందేమో అని నాన్నగారు కంగారుపడకుండా చెప్పి ఉంచండి.

చిన్నవే కాని మరిచిపోయేవి

అమ్మగారి వెండి మెట్టెలు, పట్టీలు. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే వెండి నల్లబడుతుంది. ముప్పావుగంటలో కారునలుపు కావు కాని మెరుపు పోతుంది, అక్కడ ఇద్దరు ముగ్గురైనా "ఇదేంది, దోషమా" అని బెంబేలెత్తుతుంటారు. మెట్టెలు తీయరు కాబట్టి మందపాటి సాక్సు, మూసిన బూట్లు. పట్టీలు హోటల్లో పెట్టండి. నల్లబడినా తోమితే చాలావరకు పోతుంది.

అదే రసాయనమే నల్ల గుడ్డు వెనకా ఉంది. కురో తమాగో అంటారు. 80 డిగ్రీల వేడినీటి గుంటలో గంటసేపు ఉడకబెట్టి, తర్వాత ఆవిరి పడతారు. నీళ్ళలోని ఇనుము పెంకుకు అంటుకుని, గ్యాస్‌తో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, అదే నలుపు. లోపల మామూలు తెల్ల గుడ్డే. ఒక్కటి తింటే ఏడేళ్ళ ఆయుష్షు పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. గుంట దగ్గర నుంచి అంగడికి గుడ్లు మోయడానికే చిన్న రోప్‌వే ఒకటి ఉంది, నాకైతే ఆ గంపలు దిగివచ్చేది చూడటమే ఎక్కువ ఇష్టం. విడిగా ఒక్కటి అమ్మరు, ప్యాకెట్ కొనాలి. శనివారమో గురువారమో గుడ్డు ముట్టని ఇల్లయితే వారం చూసుకునే పొండి.

తిండి: పైన దొరికే నూడుల్స్ పులుసులో చేపరసం ఉంటుంది, కూరగాయలదే అని చెప్పినా. పులిహోర, సకినాలు, సర్వపిండి కట్టుకుపోతే నిశ్చింత. నల్లగొండ నుంచి వచ్చేటప్పుడు నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టెలో పెట్టొద్దు. జపాన్‌లో మాంసం పదార్థాలకు అనుమతి లేదు, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. మామిడికాయ తొక్కుకు అడ్డు లేదు.

బట్టలు: చీర మీద గాలి ఆగని జాకెట్, చీర లోపల థర్మల్ ప్యాంటు. కొంగును జాకెట్ లోపల దోపుకోవాలి, డబ్బా తలుపుల దగ్గర వేలాడనివ్వొద్దు. నాన్నగారికి చెవులు మూసే టోపీ. చేతిసంచిలో బీపీ మాత్రలు, తడిరుమాలు ఒక కవర్లో, పంపు ఉంటే పంపు. మాత్రల మందు పేరు పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో రాసిన కాగితం పాస్‌పోర్టులో పెట్టండి. ప్రయాణ ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు కూడా వర్తించేది చూసి తీసుకోండి.

పోయే రోజు పొద్దున ఎనిమిదిన్నరకు రోప్‌వే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆరోజు అది నడుస్తుందో లేదో చూడండి, ఇంగ్లీషులోనే ఉంటుంది. ఏటా తనిఖీలకని కొన్నిరోజులు ఒక్కో భాగం ఆపుతారు, ఆ తేదీలు అక్కడే ముందుగా పెడతారు. గాలికో గ్యాస్‌కో ఆగితే మామూలుగా బదులు బస్సు వేస్తారు. ఆ బస్సు ఓవాకుదాని పొగ దాకా పోతుందా, తప్పించి పోతుందా అన్నది ఎక్కేముందే కౌంటర్‌లో అడగండి. గాలికి ఆగిందంటే మధ్యాహ్నానికి తెరిచే అవకాశం ఉంటుంది, తోగెన్‌దాయ్‌లో సరస్సు ఒడ్డున కూర్చుని ఎదురుచూడొచ్చు. గ్యాస్‌కు ఆగిందంటే ఆరోజు వదిలేసి కొమాగాతాకెకు పొండి. స్పైరోమెట్రీలో ఏం వచ్చిందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి రెండురోజుల బండి టైములు వేసి ఇస్తాను.